మేడం గారి మొక్క

నేను ఒక మిరపాకు దాహాన్ని కనిపెట్టే సెన్సర్‌ని. కందిగింజంత ఉంటాను. వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలో పుట్టాను. మూడో వారంలోనే ప్రసూన మేడం నన్ను చెంచమ్మ పొలానికి తెచ్చి, గట్టు పక్క మొక్కకు ఆకు అడుగున అంటించింది. ఆకులో నీరు తగ్గితే చెంచమ్మ ఫోన్‌కి "నీరు పెట్టండి" అని కబురు పంపాలి. లేకపోతే "అవసరం లేదు" అనాలి. ఎకరం తోటకు నేనొక్కదాన్నే. మిగతా మొక్కల సంగతి ఎవరు చెబుతారని అడగాలనిపించింది. నాకు నోరు పెట్టలేదు.

అక్కడ మూడు కుటుంబాలకు ఒకటే బోరు. ఐదు రోజులకొక వంతు. పూత మీదున్న తోటకు వరసగా వంతులు తప్పితే పూలు రాలిపోతాయి. చెంచమ్మ ఏడాది బతుకంతా ఆ తోట మీదే.

ఫోను చెబుతుందిలే అన్న ధీమాతో ఆమె రోజూ పత్తి తీయడానికి కూలికి పోయేది. తోట కాపలా అత్త అంకమ్మది. ఆమెకు చూపు మందం. నేనంటే మాత్రం భయభక్తులు. మధ్యాహ్నం అన్నం తిన్నాక బిందెలో మిగిలిన నీళ్లన్నీ తెచ్చి నా మొక్క మొదట్లోనే పోసేది.

"మేడం గారొచ్చేతలికి ఇది వాడిపోతే మన మర్యాదేం గావాల" అని గొణుక్కునేది.

నా ఆకు నిండుగా ఉంది. ఉన్నదే చెప్పాను. అవసరం లేదు.

చెంచమ్మ పక్క పొలం బుల్లెమ్మతో, "ఈ తడవ వంతు నువ్వు పెట్టుకో వదినా, మా చేలో తేముందంట" అంది.

"మిషను పెట్టుకున్నోళ్లు, మీకేంలే. మాకు ఆకాశమే మిషను" అని బుల్లెమ్మ మోటారు వేసుకుంది.

ఐదు రోజులకు మళ్లీ అంతే. పక్క సాలులో ఆకులు ముడుచుకుపోతుంటే నా ఆకు నిగనిగలాడుతోంది. నేను చెప్పేది నిజం. ఆ నిజమే తోటను ఎండబెడుతోంది. ఇంత చిరాకు బతుకు ఏ వస్తువుకూ రాకూడదు.

పన్నెండో రోజు కూలి లేక చెంచమ్మ తోటలోకి వచ్చింది. సాళ్ల నిండా రాలిన తెల్లటి పూత. నా దగ్గరికొచ్చి మన్నులో వేళ్లు పెట్టింది.

"ఇక్కడే బురదేంది అత్తా?"

అంకమ్మ చాలాసేపు చెంగు నలిపింది. "ఆ ఒక్కదానికే పోశానే. మేడం చూసుద్దని."

చెంచమ్మ బుల్లెమ్మను బతిమాలి ఆ రోజే నీళ్లు పెట్టింది. తోట బతికింది. మొదటి కోత పోయింది.

వారానికి మేడం వచ్చి ఏం జరిగిందని అడిగింది. అంకమ్మ మొహం పాలిపోయింది. చెంచమ్మ అత్త వైపు చూడకుండా, "మీ మిషనే తప్పు చెప్పిందండీ" అంది.

మేడం నన్ను ఊడదీసి కవరులో వేసి, పైన "పనిచేయదు" అని రాసింది. ఇప్పుడు కళాశాల బీరువాలో ఉన్నాను. అత్త పరువు కాపాడినందుకు చెంచమ్మను నేను తప్పుపట్టలేను. అదే నా బాధ. మేడం ఇప్పుడు నాకన్నా కచ్చితమైన సెన్సర్ తయారుచేస్తోందట. నేను ఏ రోజు ఏ కబురు తప్పు పంపానో ఎవరైనా చూపిస్తే బాగుండు.