మాయ డెన్మార్క్

మా మాయ క్లాసులో డబ్బాలోంచి చీటీ తీస్తే డెన్మార్క్ వచ్చింది. డెన్మార్క్, 1933. ఒక దేశం, ఒక ఏడాది. నెలకో గడి చొప్పున మూడు మడతల అట్ట బోర్డు మీద అంటించి, తల్లిదండ్రులందరి ముందు మాట్లాడాలి. పదకొండేళ్ళ పిల్లకి ఎందుకీ గోల అని నేననలేదు. మనవాళ్ళ ఇళ్ళలో ఈ బోర్డులు పిల్లలు చేస్తే కదా! పోయినేడాది మాయ క్లాస్‌మేట్ శ్రేయాస్ వాళ్ళ నాన్న రాకేష్ చేసిన అగ్నిపర్వతం రిమోట్‌తో పొగ కక్కింది. పాపం శ్రేయాస్‌కి రిమోట్ ఎక్కడ నొక్కాలో కూడా తెలియలేదు. అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు తండ్రుల అసలు పోటీ అక్కడే.

అప్పటికి నా ఉద్యోగం పోయి ఇరవై రోజులు. తొమ్మిదేళ్ళు కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాశాను. పదిహేను నిమిషాల కాల్‌లో పొమ్మన్నారు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఆ రోజు నుంచి అరవై రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి. నా భార్య చంద్రికకి ఆ సాయంత్రమే చెప్పాను. మాయకి మాత్రం చెప్పొద్దని పట్టుబట్టాను.

"ఎప్పటికైనా తెలుస్తుంది కదండీ," అంది చంద్రిక.

"ఆఫర్ వచ్చాక చెబుదాం. అప్పుడు నవ్వుకుంటుంది."

బయట కూడా ఎవరికీ చెప్పలేదు. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉద్యోగం వచ్చిన కబురే తప్ప పోయిన కబురు ఎవడు పెడతాడు? రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు, లంచ్ బాక్స్ పట్టుకుని మాయకి బై చెప్పి లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. పదింటిదాకా అప్లికేషన్లు. ఆ తర్వాత ఓపిక ఉండేది కాదు. చేసిన పనీ, దానికొచ్చే జవాబూ రోజూ ఒకటే అయితే మనిషి ఎంతకని కూర్చుంటాడు? అందుకని డెన్మార్క్ తెరిచేవాణ్ణి.

తీరా చూస్తే అక్కడా నా బతుకే. ఆ ఏడాది జనవరిలో యూనియన్లలో ఉన్న ప్రతి వందమందిలో నలభైమందికి పైగా పనిలేనివాళ్ళు. నెలాఖరున మూడు పార్టీలవాళ్ళు ప్రధాని ఇంట్లో కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి. అదే రోజు పక్కింట్లో, అంటే జర్మనీలో, హిట్లర్ గద్దెనెక్కాడు. ఏప్రిల్‌లో గ్రీన్‌లాండ్ తూర్పు తీరం గురించి నార్వేతో కోర్టు తగువు గెలిచారు. మేలో కొత్త చట్టాలు చేశారు. అంతకుముందు పేదవాడు సర్కారు సాయం అడిగితే ఓటు హక్కు ఊడేదట. ఇకమీదట సాయం దానం కాదు, హక్కు అన్నారు. ఆ గడి నేను మూడుసార్లు రాశాను. ఆగస్టు పూర్తయ్యేసరికి నీరసం వచ్చేసింది. మిగతా నాలుగు గళ్ళూ ఖాళీగానే వదిలేసి, బుధవారం సాయంత్రం బోర్డు ఇంటికి పట్టుకొచ్చాను.

మాయ దాన్ని చూడలేదు. డైనింగ్ టేబుల్ మీద చిన్న చిన్న చీటీలు వరసగా పేర్చింది. లైబ్రరీ ప్రింటర్ ప్రతి కట్టకీ ముందు ఒక చీటీ కక్కుతుంది. పేరు, తేదీ, టైము ఉంటాయి దానిమీద. అన్నీ రోజూ ఇంటికి తెచ్చే ప్రింట్ల ఫైల్లోనే వదిలేశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"డాడీ, నువ్వు ఎవ్రీ డే టెన్ ఫార్టీకి లైబ్రరీలో ఉన్నావు. ఆఫీస్ లేదా?"

చంద్రిక వంటింట్లో కుళాయి కట్టేసింది. నేను ఏదో మీటింగ్ అనబోయాను.

"డెన్మార్క్‌లో డాడ్స్ కూడా కిడ్స్‌కి చెప్పలేదా?" అంది మాయ.

ఆ మాటకి నా నోట అబద్ధం రాలేదు. చెప్పేశాను. ఉద్యోగం, వీసా, హైదరాబాద్, అన్నీ.

"ఎన్ని డేస్ ఉన్నాయి?"

"పందొమ్మిది."

"ప్రెజెంటేషన్ నెక్స్ట్ థర్స్‌డే. అప్పటికి మనం ఉంటామా?"

"ఉంటాం నాన్నా."

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బోర్డు తన వైపు లాక్కుని, నేను అందంగా ప్రింట్ తీసిన మే నెల కాగితాన్ని గోటితో పీకేసింది.

"ఇది నా ప్రాజెక్ట్. నేను చేస్తా. నువ్వు జాబ్ చూసుకో."

పై వారం గురువారం పదింటికి నేనూ చంద్రికా స్కూలుకి వెళ్ళాం. బ్యాగు లేకుండా చేతులు బోసిగా అనిపించాయి. నా పక్క కుర్చీలో రాకేష్ ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నాడు. ఈ మనిషికి పనిరోజున సెలవు భలే దొరుకుతుందే అనుకున్నాను.

మాయ వంతు వచ్చింది. బోర్డు మీద అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, సెప్టెంబరు గడిలో జిగురు మరక. ఇంగ్లీషులో గబగబా జనవరి, ఏప్రిల్ చెప్పేసి, మే దగ్గర ఆగింది. సాయం అడిగితే ఓటు పోతుందని జనం తమ కష్టం దాచుకునేవాళ్ళని చెప్పింది. అక్కడితో ఊరుకోలేదు.

"మా డాడీ కూడా దాచాడు. ఆయన జాబ్ పోయింది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. కార్ బ్రేక్స్ సాఫ్ట్‌వేర్ చాలా బాగా చేస్తాడు. మీ ఆఫీస్‌లో జాబ్ ఉంటే ప్లీజ్ చెప్పండి."

నాకు తల కొట్టేసినట్టయింది. వెనక వరసల్లో సగం మంది మా గ్రూపువాళ్ళే. వాళ్ళ చూపులు నా వీపుకి తగులుతున్నాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. చంద్రిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాయ మాత్రం ఏమీ ఎరగనట్టు జూన్ మొదలుపెట్టింది.

అప్పుడు రాకేష్ నా వైపు కొద్దిగా వంగాడు. బోర్డు మీంచి చూపు తిప్పకుండానే, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"గోపాల్ గారూ, నాకివాళ ముప్పై మూడో రోజు. మా శ్రేయాస్‌కి ఇంకా చెప్పలేదండీ."