రాతికి రెండవ వాకిలి

వైశాఖమాసపు అమావాస్యనాటి అపరాహ్ణమున సముద్రము పాటునకు లోనై బహుదూరము వెనుకకు జరిగిపోగా అంతవఱకు నీటిచాటున దాగియున్న నల్లని శిలాసమూహమెల్ల ఎఱ్ఱని పచ్చని నాచుజడలను భుజములపై విరియబోసికొని ఎండలో ఆవిరులు గ్రక్కుచుండెను. రాతికిని రాతికిని నడుమ నిలిచిన గోరువెచ్చని మడుగులలో గాజుతునుకలవంటి చిఱురొయ్యలు నాచుకొమ్మలనుండి వెనువెనుకకే ఎగిరి దూకుచుండెను. అరచేతి వెడల్పుగల రాతిపీతలు మాత్రము వెలుతురు సోకని బిలములలో కాళ్ళు ముడుచుకొని పోటు తిరిగివచ్చు వేళకై కాచుకొనియుండెను.

భీమునిపట్నమునకు ఉత్తరముననున్న ఆ జాలరిపల్లెలో ఇంటింటికి ఒక్కొక్క రాయి తాతలనాటినుండి సొంతమై వచ్చుచుండెను. ఒకరి రాతిలో మఱియొకరు చేయిపెట్టరాదు. గుడ్డుతోనున్న పీతను పట్టరాదు. తిరుగవేసిన రాతిపలకను మరల బోర్లింపక పోరాదు. విధవయు వృద్ధయునగు కొర్లమ్మ ఈ కట్టడిని ఏనాడును తప్పనిదగుటచే ఆమె రాయి ఏనాడును వట్టిపోలేదు. ఆ పల్లెవాడేయగు ఎల్లాజీ అన్నింటిని తప్పినవాడగుటచే వాని రాయి మూడేండ్లలో గొడ్డుపోయెను.

పదిదినముల క్రిందట ఊరుమ్మడి మడుగులో ఎవ్వరో జెముడుపాలు కలుపగా వేలకొలది రొయ్యలు తెల్లబడి వెల్లకిలబడి తేలెను. నఱికిన జెముడుకాడలు కొర్లమ్మ గుడిసె వెనుక దొరకెను. ఆ కాడలను కనిపెట్టి కేకలు వేసినవాడు ఎల్లాజీయే. అచ్చట పడవేసినవాడును మడుగులో పాలు పోసినవాడును వాడే. కులపెద్దయగు బండియ్య కొర్లమ్మ ఇక రాళ్ళమీద అడుగు మోపరాదనియు మోపిన దినమున ఊరు విడువవలెననియు ఆమె రాయి దోషమును బయటపెట్టిన ఎల్లాజీకి చెందుననియు తీర్పు చెప్పెను. మడుగు చెడిననాటినుండియే ఎల్లాజీ తన యెడమచేతికి ఒక పాతగుడ్డ చుట్టుకొని వల కోసినదని చెప్పుచుండెను.

పది దినములును వాని బుట్ట ఖాళీగానే తిరిగివచ్చెను. ఆనాడు ఇసుకపై కొట్టుకొనివచ్చిన నాచును ఏరుకొనుచున్న కొర్లమ్మ తలయెత్తి, తన పాతరాతికడ మోకరిల్లియున్న వానిని చూచి పలికెను.

"రాయి నీదయ్యిందిరా ఎల్లాజీ. పీతలకే ఆ కబురు అందినట్టు నేదు!"

ఆ మాట ములుకువలె నాటగా ఎల్లాజీ ముందు పుల్లతో కదిపిచూచు ఆచారమును సైతము మఱచి కుడిచేతిని మోచేతివఱకు బిలమున దూర్చెను. మఱుక్షణమున లోపలి పీత వాని రెండు వ్రేళ్ళను ఇనుపపటకారువలె కఱచిపట్టెను. లాగినకొలది పట్టు బిగిసెను. వాడట్లు పెనుగులాడుచుండగనే పోటు తిరిగెను. నీరు మోకరిల్లిన వాని తొడలను దాటి నడుమును దాటి ఱొమ్మునకెగసెను. దూరమున వల లాగుచున్నవారిని పేరుపేరున పిలిచెనే గాని పిలుపుదూరముననున్న కొర్లమ్మను పిలుచుటకు వాని నోరాడలేదు. ఒక కెరటము ముఖమును ముంచి తీసిన పిమ్మట ఆడినది.

"సిన్నమ్మా! సచ్చిపోతన్నానే!"

ఇసుక ముగిసి రాళ్ళు మొదలగు గీటుకడ కొర్లమ్మ ఒక్క క్షణము నిలిచెను. పిదప చీరచెఱగు బిగించి ఆ గీటును దాటెను.

"లాగీకు. సెయ్యి సచ్చినట్టు ఒగ్గీ" అనుచు ఆమె వానిని రాతికి ఆనించుటకై ఎడమచేతిని పట్టుకొనెను. నీటికి నానిన గుడ్డ జాఱిపోయెను. మణికట్టువఱకు జెముడుపాలు పొక్కించిన బొబ్బలు చిట్లి పుండ్లై కానవచ్చెను. ఆమె ఆ చేతిని చూచెను. వాని మొగమును చూచెను. ఎల్లాజీ కన్నులు మూసికొని ఆమె తన్ను విడిచిపోవునని నిశ్చయించుకొనెను.

"గుడ్డ జారిపోయింది" అని మాత్రము పలికి ఆమె దానిని మరల చుట్టి వలముడి వేసి నీట మునిగెను.

ఆ రాతికి వెనుకవైపున రెండవ వాకిలి యొకటి కలదనియు అది కొర్లమ్మ యింటివారికి దక్క అన్యులకు తెలియదనియు ఎల్లాజీ ఎఱుగడు. కొర్లమ్మ ఆ వాకిట దూర్చిన పుల్ల తాకగనే పీత పట్టు విడిచి అటు తిరిగెను. వాని చేయి నెత్తురోడుచు వెలికివచ్చెను. కొర్లమ్మ పీతను పైకితీసి కడుపు త్రిప్పి చూపెను. నారింజరంగు గుడ్లు గుత్తిగా అంటియుండెను.

"బిడ్డల్ని కాసుకుంటంది. దానికి నీ మీద కచ్చేటి?" అని దానిని మరల నీట విడిచెను.

కేకలకు పరుగెత్తివచ్చిన జనము అప్పటికే ఒడ్డున గుమిగూడెను.

"రాయి తొక్కీసినావు కొర్లమ్మా. తీరుపు మరిసిపోనావేటి?" అని బండియ్య యడిగెను.

"మరిసిపోనేదు పెద్దయ్యా. ఎల్లిపోతాను" అని యామె ఇసుకపైనున్న తట్టను ఎత్తుకొనెను.

ఎల్లాజీ మోకాలిలోతు నీట నిలిచి తన చేతనున్న ముడిని చూచెను. ఆమె నోరు విప్పలేదు. తానా ముడి విప్పనిచో ఎవ్వరును విప్పబోరు. పీత నలిపిన వ్రేళ్ళకు పట్టు చిక్కకపోగా వాడు పండ్లతో ముడిని కొఱికి గుడ్డను ఊడ్చి ఎడమచేతిని తలకంటె ఎత్తుగా పట్టెను. ఆ బొబ్బలు ఏ పాలవో ఆ పల్లెలో పసిపిల్లలకును తెలియును.

"మడుగులో పాలు పోసింది నాను" అని వాడు తలవంచుకొని పలికెను. "ఎల్లాల్సింది నాను."

కొర్లమ్మ తట్టను దించి నీటిదాక వచ్చెను. గుడ్డకై తడవుకొనుచున్న వాని చేతిని పట్టి యాపెను.

"కప్పీకు. ఉప్పునీరు తగల్నీ. పుండు మాన్తాది."

పోటు నిండి రాళ్ళెల్ల ఒకటొకటిగా మునిగెను. రొయ్యలు నాచుచాటునకును పీతలు బిలములలోనికిని చేరెను. అందఱి కన్నులయెదుట అంతటి విశాలతీరమున దాగుటకు ఒక్క కంతయు లేక ఎల్లాజీ చేతిని ఉప్పునీట ముంచి అట్లే నిలిచియుండెను.