కనకలక్ష్మి చెప్పిన ప్రార్థన మనవి

యశస్విని ఆ బుధవారం మధ్యాహ్నం రెండింటికే ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసింది. మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. చెప్పులైనా విడవకుండా లోపలికి వెళ్లి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

తల్లి కనకలక్ష్మి అప్పుడే మణికొండలో రెండిళ్ల వంట ముగించుకుని వచ్చి అన్నం కలుపుకుంటోంది. కంచం పక్కకు జరిపి లేచింది.

"ఏమైంది బిడ్డా? పానం బాగలేదా? పొద్దున గోలీ ఏస్కున్నవా?"

ఆ మాట వినగానే యశస్విని దిగ్గున లేచి కూర్చుంది.

"నా గోలీల సంగతి ఎవ్వరికి చెప్పినవే అమ్మా?"

"నేనెవ్వరికి చెప్తనే?"

"నిజం చెప్పు."

"ఉదయమ్మకు చెప్పిన. గామెకొక్కదానికే. ఎందుకు?"

యశస్విని ఫోన్ తీసి తల్లి ముందు పెట్టింది. కనకలక్ష్మికి చదువు రాదు. కానీ ఫోన్‌లో కనిపిస్తున్న ఫోటో తనదే. పోయిన క్రిస్మస్ నాడు, తను వంట చేసే ఇంటి ఉదయశ్రీ పెట్టిన కొత్త చీరలో, అందరితో పాటు తనూ కళ్లు మూసుకుని నిలబడి ఉంది. కింద ఉన్న అక్షరాలను కూతురు చదివి వినిపించింది.

"మా ఇంట్లో వంట చేసే సహోదరి కనకలక్ష్మి కుమార్తె యశ నాలుగేళ్లుగా దురాత్మల బంధకాల్లో ఉంది. ఒకసారి పిచ్చాసుపత్రిలో కూడా చేర్చారు. ఖాజాగూడలో విగ్రహారాధనలో ఉన్న ఆ కుటుంబం విడుదల కోసం భారంతో ప్రార్థించండి."

అది అవినాష్ ప్రతి నెలా పంపే ప్రార్థనా లేఖ. అవినాష్, ఉదయశ్రీ భార్యాభర్తలు. కాకినాడ వైపు నుంచి వచ్చారు. అవినాష్ పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది మానేసి, ఐటీ ఉద్యోగుల మధ్య సువార్త పరిచర్య మొదలుపెట్టాడు. మణికొండలో తాముండే ఫ్లాట్‌లోనే శనివారాలు సహవాసం పేరుతో ప్రార్థనా కూటం జరుపుతారు. డబ్బు పంపి వాళ్లను ఆదరించేవాళ్లు అమెరికాలో, ఆస్ట్రేలియాలో, దుబాయ్‌లో ఉన్నారు, విజయవాడలోనూ ఉన్నారు. నెలనెలా అందరికీ లేఖ వెళుతుంది. ఎవరు మారారు, ఎవరి కోసం ప్రార్థించాలి అన్నీ అందులో ఉంటాయి.

ఆ లేఖ అందుకునేవాళ్లలో కోకాపేటలో యశస్విని పనిచేసే కంపెనీలోని టీమ్ లీడ్ ప్రిసిల్లా ఒకరు. యశస్వినిది హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ ఎత్తి సాయం చేసేది ఆమే. తల్లి ఫోటో ఆమె డెస్క్ మీద ఉంటుంది. లేఖలోని ముఖాన్ని ప్రిసిల్లా ఇట్టే గుర్తుపట్టింది. ఆ ఉదయం లేఖను యశస్విని ఫోన్‌కు పంపి, ఆమెను మీటింగ్ రూమ్‌కి పిలిచింది. అక్కడ ఇంకో ఇద్దరు ఉన్నారు. తలుపు వేసి, ముగ్గురూ ఆమె తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. "ఈ బిడ్డను విడిచి వెళ్లిపో" అని అరిచారు. గోడలు అద్దాలవి. ఫ్లోర్ మొత్తం లేచి నిలబడి చూసింది.

"నన్ను లేవనియ్యలేదమ్మా," అంది యశస్విని. "మంచిదే చేస్తున్నమనుకున్నరు వాళ్లు. ప్రిసిల్లా మేడం ఏడ్చింది గూడ."

ఆమె మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లలేదు.

కనకలక్ష్మికి ఆ సాయంత్రమంతా ఒకే సంగతి గుర్తుకొస్తూ ఉంది. పోయిన చలికాలంలో అవినాష్ పదకొండు రోజులు పడకగదిలోంచి బయటికి రాలేదు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేవాడు. ఆ నెల లేఖలో నడుము నొప్పి అని రాసుకున్నాడని వాళ్ల మాటల్లో వింది. తను జావ కాచి తలుపు దగ్గర పెట్టేది. తర్వాత ఒకరోజు వంటింట్లో బియ్యప్పిండి డబ్బా వెనక, పాత కాఫీ సీసాలో మాత్రల రేకు కనిపించింది. చదవడం రాకపోయినా ఆ రేకు ఆమెకు బాగా తెలుసు. నాలుగేళ్లుగా కూతురి కోసం మందుల షాపులో కొంటున్నది అదే.

ఆమె చేతిలో రేకు చూసి ఉదయశ్రీ తెల్లబోయింది. "ఎవరితోనూ అనకండి అక్కా. సంఘంలో తెలిస్తే ఆయన నిలబడలేరు," అని చేతులు పట్టుకుంది. అప్పుడే, ఆమెకు ధైర్యం చెప్పడానికే, కనకలక్ష్మి నోరు తెరిచింది. "పరేషాన్ గాకు ఉదయమ్మా. నా బిడ్డ గూడ గివే మింగుతది. పందొమ్మిదేండ్లప్పుడు చెవులల్ల మాటలు ఇనొస్తున్నయని మూడు వారాలు దవాఖానల ఉన్నది. ఇప్పుడు సూడు, మంచిగ నౌకరి జేస్తుంది."

ఆ రోజు నుంచి వాళ్ల మాటను ఆమె తన మొగుడు రాజయ్యకు కూడా చెప్పలేదు. అలా దాచిపెట్టుకుంది. ఆమె మాట మాత్రం నాలుగు దేశాలు తిరిగి వచ్చింది.

మర్నాడు పొద్దున పనికి వెళ్లి, సంచి కింద పెట్టకముందే అడిగింది.

"సారూ, నా బిడ్డ సంగతి అందరికి ఎందుకు రాసినవ్?"

అవినాష్ లాప్‌టాప్ మూశాడు. "పూర్తి పేరు రాయలేదు కదమ్మా. యశ అనే రాశాం."

"నా పేరు రాసినవ్. నా ఫోటో పెట్టినవ్. ఖాజాగూడ అన్నవ్. ఇగ నా బిడ్డ ఎవరో తెలువదా?"

"మీ బాధ నాకర్థమైందండీ. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఎక్కడెక్కడి వాళ్లో మీ అమ్మాయి కోసం ఉపవాసముండి ప్రార్థిస్తున్నారు. అంత ప్రేమ ఎంతమందికి దొరుకుతుందమ్మా?"

"దయ్యమని ఎందుకు రాసినవ్? జబ్బని నీకు ఎరుకనే గదా."

అవినాష్ వంటింటి గుమ్మంలో ఉన్న భార్య వైపు చూశాడు. ఉదయశ్రీ తల దించుకుంది. "కొన్ని జబ్బుల వెనక ఆత్మ సంబంధమైనవి ఉంటాయమ్మా," అన్నాడు.

మరి నీది, అనే మాట కనకలక్ష్మి గొంతు దాకా వచ్చింది. మింగేసింది. ఇక్కడ అంటే వినేది ముగ్గురే. సారు కళ్లు మూసుకుని ఒక ప్రార్థన చేసి, ఆ మాటను ఈ గదిలోనే పూడ్చేస్తాడు. ఆమె కొంగు బిగించుకుని వంటింట్లోకి వెళ్లి పప్పు కడిగింది.

పని మానేస్తుందేమోనని భయపడిన అవినాష్‌కు ఆ నెమ్మది చూసి ధైర్యం వచ్చింది. వారం తర్వాత తనే అడిగాడు. వచ్చే శనివారం పొద్దున ఏడింటికి ఆదరించేవాళ్లందరితో వీడియో మీటింగ్ ఉంది, వాళ్లంతా ఆమె గురించి అడుగుతున్నారు, రెండు నిమిషాలు సాక్ష్యం చెబితే చాలు. అమ్మాయి ఇప్పుడు నెమ్మదిగా ఉందని, ప్రార్థనల వల్ల మేలు కలిగిందని చెప్పాలట.

"చెప్త సారూ," అంది కనకలక్ష్మి. "ఎందుకు చెప్ప? మంచిగ చెప్త."

ఆ వారమంతా ఆమె తను చెప్పబోయేది కూరగాయలు తరుగుతూ మనసులోనే అనుకుంటూ గడిపింది. ఒక్కో మాటనూ తీసి, పెట్టి, మళ్లీ తీసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో విన్న ప్రార్థనలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఎక్కడ గొంతు తగ్గిస్తారో, ఎక్కడ ఆగుతారో కూడా తెలుసు.

శనివారం గోడ మీది పెద్ద టీవీలో నలభై గళ్లు, గడికో ముఖం. అమెరికా వాళ్లకు అది శుక్రవారం సాయంత్రం. అవినాష్ ఒక్కొక్కరినీ పలకరించాడు. "కోకాపేట నుంచి ప్రిసిల్లా గారు, వందనాలండీ" అన్నప్పుడు కనకలక్ష్మి ఆ గడిని చూసి పెట్టుకుంది. పాట అయింది, బైబిల్ వాక్యం అయింది. తర్వాత అవినాష్ ఆమెను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు.

"అందరికి వందనాలు," అంది ఆమె. "నేను కనకలక్ష్మిని. లేఖల నా ఫోటో సూసిన్రు గదా. నా బిడ్డ కోసం మీరు ఉపాసాలు ఉన్నరంట. ఇయ్యాల నేను గూడ మీకొక ప్రార్థన మనవి చెప్త. మా అవినాష్ సారు కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

అవినాష్ చిరునవ్వుతో తల వంచాడు. గళ్లలో కొందరు స్తోత్రం అన్నారు.

"సారుకు నడుము నొప్పి లేదు. చలికాలం పదకొండు దినాలు రూముల నుంచి బయటికి రాలె. తానం జెయ్యలె. బాత్రూముల కూసొని ఏడ్సిండు. నేనే జావ గాసి తలుపు కాడ పెట్టిన. అప్పటి సంది గోలీలు మింగుతుండు. గీ గోలీలు." ఆమె కొంగు ముడిలోంచి కూతురి మాత్రల రేకు తీసి కెమెరాకు దగ్గరగా పట్టింది. "నా బిడ్డ మింగేటివి గూడ గివే. మతి బాగలేనోళ్లకు డాక్టర్లు రాసేటివి. నా బిడ్డను పట్టింది దయ్యమైతే సారును పట్టింది గూడ గదే దయ్యం. సారుది జబ్బైతే నా బిడ్డది గూడ జబ్బే. జర భారంతోని ప్రార్థన చెయ్యుండ్రి. పూర్తి పేరు చెప్తలేను, అవినాష్ అనే చెప్తున్న."

అవినాష్ లాప్‌టాప్ మీదికి వంగాడు. మ్యూట్ బటన్ ఎక్కడుందో దొరకలేదు. ఉదయశ్రీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడే ఉంది. ఒక్క అడుగు వేయలేదు.

"బ్రదర్, ఇది నిజమా?" అని ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

ఎవరూ జవాబు చెప్పకముందే ప్రిసిల్లా తన గడిలో రెండు చేతులూ పైకెత్తి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ సేవకుణ్ణి పట్టిన ఆత్మను గద్దిస్తున్నాం," అని మొదలుపెట్టింది. ఇంకో గొంతు కలిసింది, ఇంకో రెండు కలిశాయి. నలభై గళ్ల ముందు అవినాష్ ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. అద్దాల గదిలో తన బిడ్డ ముఖం ఎలా ఉండి ఉంటుందో కనకలక్ష్మి చూడలేదు. ఈ ముఖాన్ని మాత్రం ఆమె తనివితీరా చూసింది. తర్వాత రేకును డైనింగ్ టేబుల్ మీద పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆకలి బాగా వేసింది. రెండోసారి అన్నం వడ్డించుకుంటూ జరిగిందంతా కూతురికి చెప్పింది. ఎంత బాగా చెప్పిందో, సారు లాప్‌టాప్ మీద ఎలా తడుముకున్నాడో వివరించింది.

యశస్విని నవ్వలేదు.

"ప్రిసిల్లా మేడం ఉన్నదా అండ్ల?"

"ఉన్నది. ఆమెనే మొదలువెట్టింది దయ్యాన్ని పో పో అని," అని కనకలక్ష్మి నవ్వింది.

"ఆమె ముందట మళ్ల నా ముచ్చట చెప్పినవా? నా గోలీలు సూపెట్టినవా?"

"వాని నోరు మూపియ్యాలెనని..."

"వాడు నన్ను అడగకుంట రాసిండు. నువ్వు నన్ను అడగకుంట చెప్పినవ్. ఏం ఫరక్ ఉందమ్మా?"

కనకలక్ష్మి గరిటెను తిరిగి అన్నం గిన్నెలో పెట్టింది. ఆ వారమంతా అన్ని మాటలు తీసి పెట్టి చూసుకుంది కానీ, ఇదొక్కటే తట్టలేదు. నాలుగు రోజులు కూతురు ఆమెతో మాట్లాడలేదు. అయినా అవినాష్‌కు చేసినదానికి ఆమె ఒక్క పూట కూడా విచారించలేదు. కూతురి మాట గుచ్చుకుంటోంది, అంతే. ఆ రెండూ ఆమెలో ఒకదాన్నొకటి తాకకుండా పక్కపక్కనే ఉన్నాయి.

అవినాష్ వాళ్ల ఫ్లాట్ ఉన్న టవర్‌లోనే పనిచేసే బాలమ్మ ద్వారా మిగతా కబురు తెలిసింది. సంఘ పెద్దలు ఇద్దరు వచ్చి, అవినాష్‌ను కుర్చీలో కూర్చోబెట్టి తల మీద చేతులు పెట్టి గంటసేపు ప్రార్థించారట. కొంతకాలం విశ్రాంతి తీసుకోమన్నారట. శనివారం సహవాసాన్ని వేరే దంపతులకు అప్పగించారట.

"మంచిగైంది," అంది కనకలక్ష్మి.

పదో రోజు ఉదయశ్రీ ఆటోలో ఖాజాగూడ వచ్చింది. కనకలక్ష్మి ఆమెను లోపలికి రమ్మనలేదు.

"ఆయన పంపలేదు అక్కా. నేనే వచ్చాను."

"నీ మాట నేను దాసిన. నా మాట నువ్వు మీ ఆయనకు చెప్పినవ్."

"చెప్పాను. నేనింక బాగవనని ఆయన ఏడుస్తుంటే ధైర్యం కోసం చెప్పాను. మీ అమ్మాయి బాగైందంటే మీరూ బాగవుతారని అన్నాను. లేఖలో రాస్తారనుకోలేదు."

"రాసినంక సదివినవ్ గదా? గప్పుడేమన్నవ్?"

ఉదయశ్రీ కళ్లు తుడుచుకుంటూ గుమ్మం బయటే నిలబడింది.

లోపలి నుంచి యశస్విని వచ్చింది. "మేడం, నేనొకటి చెప్త, చెప్పింది చెప్పినట్టు మీ లేఖల ఎయ్యాలె. రాస్కోండ్రి."

ఉదయశ్రీ ఫోన్ తీసింది. యశస్విని నిదానంగా, పుస్తకంలో మాటల్లా చెప్పింది. "నాకు నాలుగేళ్ల క్రితం జబ్బు చేసింది. మందులతో బాగున్నాను. నన్ను అడగకుండా నా గురించి రాశారు, అది తప్పు. పాత లేఖ మీ దగ్గరుంటే తీసెయ్యండి. ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి."

"ఆయన సంగతి కూడా రాయనా?" అని ఉదయశ్రీ అడిగింది.

"అది ఆయన ఇష్టం. ఆయన్ని అడగండి."

తర్వాతి శనివారం ఆ లేఖ వెళ్లింది. కింద అవినాష్ సంతకం ఉంది. ప్రిసిల్లా యశస్వినికి పెద్ద మెసేజ్ పెట్టింది. యశస్విని చదివింది కానీ తిరిగి రాయలేదు. రెండు నెలలకు ఆమెకు ఖాజాగూడ దగ్గరే ఇంకో కంపెనీలో హెల్ప్‌డెస్క్ ఉద్యోగం దొరికింది. తల్లీకూతుళ్లు మళ్లీ మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. గోలీ వేసుకున్నావా అని మాత్రం కనకలక్ష్మి ఇప్పుడు అడగదు. మందుల షాపుకు యశస్వినే వెళుతుంది.

కనకలక్ష్మి అదే టవర్‌లో పద్నాలుగో అంతస్తులో వేరే ఇంట్లో వంటకు కుదిరింది. ఒకరోజు పొద్దున లిఫ్ట్ ఎక్కేసరికి లోపల అవినాష్ ఉన్నాడు. చిక్కిపోయాడు. చేతిలో పాల ప్యాకెట్లు. తలుపులు మూసుకున్నాయి.

"కనకలక్ష్మమ్మా," అన్నాడు. "చాలా రోజులుగా అనుకుంటున్నానండీ. మిమ్మల్ని క్షమాపణ అడగాలని. నేను చేసింది..."

"మిమ్మల్ని క్షమించెటోళ్లు నాలుగు దేశాలల్ల ఉన్నరు గదా సారూ," అంది కనకలక్ష్మి. "వాళ్లను అడుగుండ్రి. నన్ను అడగకుండ్రి."

అవినాష్ దిగాల్సిన తొమ్మిదో అంతస్తు వచ్చింది. తలుపులు తెరుచుకున్నా అతను వెంటనే దిగలేదు, ఆమె ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. కనకలక్ష్మి చెయ్యి చాచి తలుపు మూసే బటన్ మీద వేలు పెట్టి ఉంచింది. అతను దిగిపోయాడు.