గుర్రు లేని స్పీకర్లు

ఏ యాంప్లిఫయర్‌కి ఏ స్పీకర్ కుదురుతుందో చెప్పడంలో మా ప్రాంతంలో నా మాటకి తిరుగు లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయినవాడిని కొట్టు గుమ్మం దాకా సాగనంపేవాణ్ణి. ఆ పొగరు ఎంతపని చేసిందో ఇప్పుడు చెప్పుకోవాలి.

పొంపీలియు బాబాయ్ ముప్పై ఏళ్ళు ఉప్పు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. గని మూతపడింది, సొరంగాల్లోకి నీళ్ళు చేరాయి, ఆ సొరంగాల మీదే వాళ్ళ వీధి ఉంది. ఎగువన రెండిళ్ళు బీటలు వారితే మునిసిపాలిటీ వాళ్ళు ఆ కుటుంబాలని కొండ అవతల ఫ్లాట్లకి మార్చారు. బాబాయ్‌కీ ఒకటి చూపించి, శుక్రవారంలోగా తాళాలు తీసుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. భార్య వియోరికా పిన్ని అప్పుడే పెట్టె సర్దేసింది. ఆయనకి మాత్రం కదలాలని లేదు. స్వయంగా ఇటుకా ఇటుకా పేర్చి కట్టుకున్న ఇల్లు మరి.

నన్ను పిలిపించింది గురువారం. గని క్లబ్బు మూసేసినప్పుడు అక్కడి సినిమా హాలు స్పీకర్లు రెండు ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటీ బీరువా అంత ఉంటుంది. వాటికి పాత వాల్వుల యాంప్లిఫయర్. రికార్డు మీద ముల్లు ఆనగానే, పాట మొదలవకముందే, లోపల ఎవరో గుర్రు పెడుతున్నట్టు శబ్దం. నెల రోజులుగా ఇదే తంతు అన్నాడు.

రికార్డ్ ప్లేయర్ మీద రసమట్టం పెట్టి చూశాను. బుడగ పక్కకి పోయింది. కిటికీ వైపు కాళ్ళ కింద అట్టముక్కలు మడిచి పెట్టి సరిచేశాను. అదే యాంప్లిఫయర్‌కి రేడియో తగిలిస్తే ఆ శబ్దం లేదు. ముల్లు దించితేనే వస్తోంది. అది నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు. అప్పటికే నా ఉపన్యాసం మొదలైంది. ఇవి హాలు కోసం చేసిన స్పీకర్లనీ, చెవిలో చెప్పిన రహస్యాన్ని ఊరంతా చాటే రకమనీ, ఈ యాంప్లిఫయర్ చేసే చిన్న రొదని కూడా ఇవి కొండంత చేస్తాయనీ, ఇది ఈడూ జోడూ కుదరని పెళ్ళనీ చెప్పుకుపోయాను.

బాబాయ్ అంతా విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కమాట అడుగుతా మేస్త్రీ, నవ్వకు. ఇది కింద నుంచి వస్తున్నది కాదు గదా?"

నవ్వాను. "ముప్పై ఏళ్ళు గనిలో ఉన్నావు బాబాయ్, ఇంక నీకు అన్నీ కిందే. ఇల్లు మారక్కర్లేదు, స్పీకర్లు మారిస్తే చాలు."

వంటింటి గుమ్మంలో పిన్ని ఈ మాట వింటూనే ఉంది.

నా బండిలోంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, చిన్న స్పీకర్ల జత తెచ్చి బిగించాను. ముల్లు దించాను. నిశ్శబ్దం. బాబాయ్ నా భుజం తట్టి ప్లమ్ సారా పోశాడు. పిన్ని నడవలోకి వెళ్ళి పెట్టె తెరిచి, కోట్లు ఒక్కొక్కటే తీసి గోడ కొక్కేలకి తగిలించింది. మామలీగ అనే మొక్కజొన్న ముద్దతో మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు పెడితే రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను. పాత సరుకంతా బండిలో వేసుకుని ఈల వేసుకుంటూ కొట్టుకి వచ్చాను.

శనివారం మధ్యాహ్నం ఆ పెద్ద స్పీకర్లనీ, ఆ వాల్వుల యాంప్లిఫయర్‌నీ నా ప్లేయర్‌కి తగిలించాను. సౌండ్ మొత్తం పెంచి ముల్లు దించాను. సన్నగా బుసబుస, అంతే. అది వీటికి ఎప్పుడూ ఉండేదే. గుర్రు లేదు. తీగలు మార్చి చూశాను, అరగంట కూర్చున్నాను. గుర్రు లేదు.

అప్పుడు బుర్రకెక్కింది. యాంప్లిఫయర్‌లో కరెంటు రొద ఒకే తీరున సాగుతుంది, ఆగదు. ఆ ఇంట్లో విన్నది పెరిగింది, తగ్గింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. ముల్లు కాడికి నేల కదలిక అందితే అలా ఉంటుందని నేను పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. నా చిన్న స్పీకర్లు అంత లోతు శబ్దాన్ని పలకలేవు, అందుకే అక్కడ అది వినబడటం మానేసింది.

ఫోన్ చేస్తే పిన్ని తీసింది. వెంటనే బయటికి వచ్చేయమన్నాను.

"మళ్ళీ పెట్టె సర్దమంటావా నాయనా? తాళాలు వద్దని నిన్ననే సంతకం పెట్టొచ్చాం. మేస్త్రీ చూసి చెప్పాడు అన్నాడు మీ బాబాయ్, మునిసిపాలిటీ వాళ్ళు కూడా సరేనన్నారు. ఇక్కడ చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. భోజనానికి రా, రేపు."

రేపటి దాకా ఆగలేదు. పెద్ద స్పీకర్లు, వాల్వుల యాంప్లిఫయర్ బండిలోకి ఎక్కించాను. నోటిమాట నమ్మకపోతే చెవులతోనైనా నమ్ముతారు కదా అనుకున్నాను.

నన్ను చూసి బాబాయ్ ఎగతాళి చేశాడు, విడాకులు ఇప్పించి మళ్ళీ కాపురం పెట్టిస్తున్నావేమిటని. పిన్ని క్యాబేజీ ఊరగాయ తెస్తానంటూ నేలమాళిగలోకి దిగింది. నేను ప్లేయర్ మీద రసమట్టం పెట్టాను. నా అట్టముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బుడగ గీత దాటిపోయింది.

గబగబా తీగలు కలిపి ముల్లు దించాను. గుర్రుమంది. మొన్నటికంటే లోతుగా ఉంది. పెద్ద స్పీకర్లలోని కాగితపు డొప్పలు లోపలికీ బయటికీ ఊగడం కంటికి కనిపిస్తోంది. బాబాయ్ అరచెయ్యి ఒకదాని మీద ఆనించాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

అంతలో శబ్దం ఆగింది. కాగితం కదలడం మానేసింది. బుద్ధిలేనివాణ్ణి, ఒక్క క్షణం నా ప్రాణం కుదుటపడింది.

"గనిలో పైకప్పు మూలుగుతున్నంతసేపూ పనిచేసేవాళ్ళం మేస్త్రీ," అన్నాడు బాబాయ్. "ఆగితే పరిగెత్తేవాళ్ళం."

నా కాలరు పట్టుకుని గుమ్మంలోంచి బయటికి తోశాడు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి నేలమాళిగ మెట్ల వైపు వెళ్ళాడు, భార్యని పేరు పెట్టి పిలుస్తూ. కింద నుంచి ఆమె, వస్తున్నానండీ, జాడీ బరువుగా ఉంది, అంది.

నేను గేటు దాటాను. తిరిగి చూసేసరికి పొగగొట్టం వాలుతోంది. తర్వాత ఇల్లు కిందికి దిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. దుమ్ము లేచింది, చాలాసేపటికి అడుగున ఉప్పునీళ్ళు కనిపించాయి. వాళ్ళిద్దరూ దొరకలేదు.

గుంట అంచున వీధి వైపు గోడ ఒక్కటే మిగిలింది. నడవ గోడ అది. కొక్కేలకి పిన్ని కోట్లు తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. పెట్టెలో సర్ది పెట్టుకున్న కోట్లు అవి. నేను తీయించాను.