రెటో పూసిన మైనం

మా పేటలో ఎవరూ చనిపోరు. "దాటిపోయాడు" అంటారు, "పెద్ద అల కోసం వెళ్ళాడు" అంటారు, "ఇప్పుడు సముద్రమంతా ఆయనే" అంటారు. నాలుగో తరగతి పిల్లలకు ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పడం నా ఉద్యోగం. అందుకని నా భర్త డ్వేన్ చనిపోయాడనే నేను చెప్పాను. ఫిబ్రవరిలో, పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఉండగా గుండె ఆగి చనిపోయాడు. అలా చెప్పగానే ఎదుటివాళ్ళు నా భుజం నొక్కి, "ఆయనకి నచ్చినట్టే వెళ్ళాడు" అనేవారు. పళ్ళ డాక్టరంటే డ్వేన్‌కి ఎంత భయమో వాళ్ళకు తెలియదు.

శాన్ డియాగోలో సముద్రం పక్కన ఉన్న మా పేటలో సర్ఫింగ్ చేసే మనిషి పోతే, తెలిసినవాళ్ళంతా బోర్డుల మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ అలలు విరిగే చోటు దాటి వెళతారు. అక్కడ గుండ్రంగా చేరి బోర్డుల మీద కూర్చుంటారు. మధ్యలో పోయిన మనిషి బోర్డు ఉంచుతారు. తలా ఒక మాట చెప్పి పూలు విసురుతారు, నీళ్ళు చరిచి కేకలు పెడతారు, ఒడ్డుకొచ్చి చేపల టాకోలు తింటారు. నల్లబట్టలు వేసుకోకూడదు, ఎందుకంటే ఇది సంబరం. ఏడవదలుచుకున్నవాళ్ళు ఇంటి దగ్గరే ఏడ్చి రావాలని ఎవరూ చెప్పరు గాని అందరికీ తెలుసు. బోర్డు ఉన్నవాళ్ళెవరైనా రావచ్చు. రావద్దనడం మర్యాద కాదు.

డ్వేన్ కోసం ఆ పని బడికి సెలవులిచ్చాక, జూన్‌లో ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. మధ్యలో ఉంచవలసింది ఆయన పాత పసుపుపచ్చ బోర్డు. కాలు జారకుండా బోర్డు పైభాగాన మైనం రుద్దుతారు. డ్వేన్ చివరిసారి రుద్దిన మైనం ఆ బోర్డు మీద అలాగే ఉంది. అందులో ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, రెండు గుర్తులు. ఎప్పుడూ ఒకే చోట నిలబడేవాడు. ఎండ తగిలితే మైనం కరిగి ఆ గుర్తులు పోతాయని బోర్డును ఇంట్లో నడవలో ఉంచాను.

నా మరిది కర్ట్‌కి అది నచ్చలేదు.

"ఎంత మురికిగా ఉందో చూడు నోరీన్. గీకేసి కొత్తది రుద్దుతా. అన్నయ్యని ఇలాగా పంపించడం?"

"బోర్డుని పంపించడం లేదు. తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకుంటాం. పైన ముట్టుకోకు."

"సరే, నీ ఇష్టం," అన్నాడు కర్ట్, ముట్టుకునే మనిషిలాగా.

ఆ వారమే రెటో దిగాడు. మా ఇంటి వెనక సందుకి అవతల, వీపు సంచీలతో దేశాలు తిరిగే బ్యాక్‌ప్యాకర్లు దిగే హాస్టల్ ఉంది. దాన్ని నడిపే యెసేనియా ఒకప్పుడు నా క్లాసులో చదివింది, ఇప్పటికీ టీచర్ అనే పిలుస్తుంది. రెటోది స్విట్జర్లాండ్. సముద్రం లేని దేశం నుంచి సముద్రం మీద గట్టి అభిప్రాయాలతో వచ్చాడు. మెడలో గవ్వల దండ. అది విమానాశ్రయంలో కొన్నదని యెసేనియా చెప్పింది.

"మేడమ్, ఇక్కడ ఎండ ఎప్పుడొస్తుంది?" అని సందులో నన్ను ఆపి అడిగాడు. మా తీరంలో జూన్ అంటే పొద్దస్తమానం బూడిదరంగు మబ్బు. పోస్టుకార్డులకి ఫొటోలు తీసేవాళ్ళు ఆ నెల ఇంట్లో ఉంటారు.

"జులైలో."

"నేను సోమవారం వెళ్ళిపోతున్నానే."

"అయితే రాదు."

అతను ఆ మాటను ఏదో లోతైన బోధలాగా తలూపి విన్నాడు. "పరవాలేదు మేడమ్. ఎండ టూరిస్టులకి కావాలి. నేను టూరిస్టుని కాను. ఏ ఊరికెళితే ఆ ఊరివాళ్ళలాగా బతుకుతాను."

"ఈ ఊరివాళ్ళు ఇప్పుడు చెత్త డబ్బాలు బయటపెడుతున్నారు," అన్నాను.

నా డబ్బా తనే లాక్కెళ్ళి పెట్టాడు. పెడుతూ ఫోనుతో తనను తాను వీడియో తీసుకున్నాడు. యెసేనియా కిటికీలోంచి, "మీ చెత్తని ఇప్పటికే జూరిక్‌లో చూస్తున్నారు టీచర్," అంది.

మా సందుకి ఒక ఆచారం ఉంది. అక్కర్లేని సామాను గోడకి ఆనించి పెడితే, కావలసినవాళ్ళు పట్టుకుపోతారు. అడగరు. అడిగితే, పారేసినవాళ్ళు తాము పారేశామని ఒప్పుకోవలసి వస్తుంది. సోఫాలు, దీపాలు, విడాకుల తరవాత పెళ్ళి ఫొటోల ఫ్రేములు అలాగే ఇల్లు మారతాయి. ఈ సంగతి యెసేనియా రెటోకి చెప్పింది. అతను పరవశించిపోయాడు. మర్నాటికల్లా అతని మంచం పక్కన ఒక దీపం, ఒక చెయ్యి లేని కుర్చీ చేరాయి. వీపు సంచీలో బతుకంతా మోసే మనిషి, కుర్చీ ఎక్కడ పెట్టుకుంటాడని ఎవరూ అడగలేదు.

శనివారం పొద్దున బోర్డు అడుగున పేరుకున్న దుమ్ము తుడుద్దామని దాన్ని సందులోకి తెచ్చి, గోడకి ఆనించాను. తడిగుడ్డ కోసం లోపలికి వెళ్ళాను. అప్పుడే కర్ట్ ఫోన్ చేసి, పూలు పసుపువా తెల్లవా అని మొదలుపెట్టాడు. మాట్లాడి వచ్చేసరికి గోడ మాత్రమే ఉంది.

ఎవరు తీశారో కనుక్కోవడానికి ఎంతో సేపు పట్టలేదు. హాస్టల్ వంటగదిలో ఉన్నవాళ్ళందరికీ రెటో చెప్పే వెళ్ళాడు. ఈ ఊరు తనకు బోర్డు ఇచ్చిందట. దాన్ని తీసుకుని తీరం వెంబడి ఉత్తరానికి వెళుతున్నాడట. ఆదివారం దాకా ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడట.

"బస్సులో ఎక్కనివ్వలేదట టీచర్. నెత్తిన పెట్టుకుని నడిచాడు," అంది యెసేనియా. ఆమె నా కళ్ళలోకి చూడలేకపోయింది. "ఆ సందు సంగతి నేనే చెప్పాను వాడికి. సారీ."

"నువ్వు చెప్పింది నిజమే కదా," అన్నాను.

కర్ట్ తన ట్రక్కులో తీరమంతా తిరిగి సాయంత్రం చిరాకుగా వచ్చాడు. "ఎక్కడా లేడు. ఇక ఆ మైనం మీద ఆశ వదులుకో నోరీన్. కొత్తది కొని ఉంటాడు. కొత్తది రుద్దే ముందు ఎవడైనా పాతది గీకుతాడు. గీకకపోయినా దాని మీద గెంతి, గెంతి..." ఆగాడు. నేను గీకవద్దన్నందుకు నన్ను ఏదో అందామనుకున్నాడు, అనలేదు. అది అతని మంచితనం. అంతకన్నా పెద్దది నేను అతనిలో చూడలేదు.

"ఎండ వస్తే?" అని అడిగాను.

"జూన్‌లోనా?" అన్నాడు.

ఆదివారం పొద్దున మబ్బు సముద్రం మీదికి వంగి ఉంది. ఒడ్డున మా పేటవాళ్ళంతా పూలచొక్కాలతో చేరారు. "డ్వేన్ ఇక్కడే ఉన్నాడు, నాకు తెలుస్తోంది" అని ఒకరు, "ఈ మబ్బు ఆయనే" అని ఇంకొకరు అన్నారు. మధ్యలో ఉంచడానికి కర్ట్ తన బోర్డు తెచ్చాడు. కొత్త మైనం రుద్ది, మెరిసేలా తెచ్చాడు. ఇక మొదలుపెడదామని నేను అన్నాను.

అప్పుడు సముద్రంలోకి కట్టిన వంతెన పక్క మెట్ల మీద పసుపుపచ్చ బోర్డు కనబడింది. దాని కింద రెండు తెల్లటి కాళ్ళు. రెటో రాత్రంతా ఎక్కడో ఇసుకలో పడుకున్నట్టున్నాడు, జుట్టు నిండా ఇసుక. బోర్డులనీ పూలనీ జనాన్నీ చూసి అతని మొహం వెలిగిపోయింది.

"ఇదేదో ఊరి పండగలా ఉంది. ఎవరైనా రావచ్చా?"

"బోర్డుంటే రావచ్చు," అన్నాడు కర్ట్, దగ్గరికి నడుస్తూ. "ఆ బోర్డెక్కడిది బాబూ?"

"ఈ ఊరు ఇచ్చింది అన్నా."

కర్ట్ బోర్డు అందుకుని ఇసుక మీద పెట్టాడు. పెట్టినవాడు అలాగే వంగి ఉండిపోయాడు. బోర్డు అడుగుభాగం పైకి ఉంది. దాని నిండా, ఈ చివరనుంచి ఆ చివరదాకా, కొత్త మైనం. కేకు మీద క్రీములాగా మందంగా, కొబ్బరి వాసనతో.

"అడుగున ఎవరు రుద్దారు?"

"నేనే. జారకుండా ఉండాలంటే మైనం రుద్దాలని కొట్టులో చెప్పారు," అన్నాడు రెటో. "నీళ్ళు తగిలేది అడుగే కదా?"

"బోర్డు నీళ్ళ మీద జారకపోతే ఇంకెందుకు బాబూ అది?"

రెటో ఆలోచించాడు. "అందుకా నిన్నంతా ఒక్కసారి కూడా నిలబడలేకపోయాను!"

మొదట యెసేనియా నవ్వింది. తరవాత అందరూ. పొట్ట పట్టుకుని ఇసుకలో కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. సంబరమని పొద్దుటి నుంచి ఒకరికొకరు చెప్పుకుంటున్నదాన్ని రెటోయే మొదలుపెట్టాడు. నేను ఒక చివర పట్టుకున్నాను, కర్ట్ రెండో చివర పట్టుకున్నాడు, ఇద్దరం బోర్డుని తిప్పాం. ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక. రెండూ ఉన్నాయి. మధ్యలో ఒక సన్నటి గీత మాత్రం కొత్తది, అతని మెడలో గవ్వలు ఒరుసుకున్నట్టు. రోజంతా బోర్లా పడుకుని, పడిపోయి, మళ్ళీ బోర్లా పడుకున్నాడన్నమాట.

కర్ట్ తన మెరిసే బోర్డుని పక్కకి లాగేశాడు.

"ఇది ఎవరిదో అయితే, నాకు తెలియదు మేడమ్," అన్నాడు రెటో. నవ్వుతున్నవాళ్ళ వంక కాక నా వంక చూస్తున్నాడు.

"నా భర్తది. చనిపోయాడు."

"చనిపోయాడా?" అన్నాడు. "ఎలా?"

"పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా."

"అయ్యో. ఎంత ఘోరం," అన్నాడు.

ఫిబ్రవరి నుంచి నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. అతని గురించి అప్పుడు నాకు మంచి అభిప్రాయం కలిగింది. వెంటనే అతను, దీన్నంతా వీడియో తీసుకోవచ్చా అని అడిగాడు. తీసుకోకూడదన్నాను.

హాస్టల్‌లో పిల్లలకిచ్చే స్పాంజి బోర్డొకటి యెసేనియా అతనికి ఇప్పించింది. నన్ను కర్ట్ తన బోర్డు మీద ముందు కూర్చోబెట్టుకున్నాడు. డ్వేన్ బోర్డుని తాడుతో వెనక కట్టాం. అడుగున ఆ మైనంతో అది మొండికేసినట్టు వచ్చింది. కర్ట్ దారంతా స్విట్జర్లాండ్‌ని తిడుతూనే ఉన్నాడు.

గుండ్రంగా చేరాక తలా ఒక మాట చెప్పారు. డ్వేన్ వెలుగు అన్నారు, గాలి అన్నారు, గురువన్నారు. ఒకతను డ్వేన్‌ని డాల్ఫిన్ అన్నాడు. ఈ మాటలే పోయినేడు ఇంకొకాయన పోయినప్పుడు కూడా చెప్పారు. రెటో అందరికన్నా ఆలస్యంగా, సగం సముద్రం తాగి వచ్చి చేరాడు. అతని వంతు వచ్చింది.

"నాకు ఆయన తెలియదు," అన్నాడు ఆయాసపడుతూ. "నిన్నంతా ఆయన బోర్డు మీదనుంచి పడుతూనే ఉన్నాను. దాని మీద మనిషి ఎలా నిలబడతాడో నాకు అర్థం కాలేదు. ఆయన నిలబడ్డాడు."

నేను పువ్వు వేశాను. అందరూ నీళ్ళు చరిచి కేకలు పెట్టారు, ఆ కుదుపుకి రెటో మళ్ళీ పడ్డాడు.

సోమవారం అతను దీపాన్నీ కుర్చీనీ తిరిగి సందులో పెట్టి బస్సెక్కాడు. బస్సు వెళ్ళిన కాసేపటికి ఎండ వచ్చింది. యెసేనియా ఫోను పట్టుకొచ్చి అతను రాసింది చదివి వినిపించింది. సముద్రపు తెగవాళ్ళు తనను తమలో కలుపుకున్నారట. తెగ నాయకుడి భార్య, మాటలు తక్కువ మనిషి, తనను కళ్ళతోనే ఆశీర్వదించిందట.

"అబద్ధమని రాయనా టీచర్?"

"మాటలు తక్కువన్నది నిజమే. అది ఉంచనీ."

ఆమె వెళ్ళాక, తలుపులు వేసి, బోర్డుని నడవలో దుప్పటి మీద బోర్లా పెట్టాను. అడుగున ఉన్న మైనం గీకడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అన్ని మూలలా రుద్దాడు, ఎక్కడా వదల్లేదు. నా క్లాసులో అయితే శ్రద్ధకి మంచి మార్కు వేసేదాన్ని. చేతులకి కొబ్బరి వాసన పట్టింది.

పైభాగం ముట్టుకోలేదు. రెండు పాదాలూ, మధ్యలో గవ్వల గీతా అలాగే ఉన్నాయి. కిటికీ తెరలు దించి, ఎండ రాని వైపు గోడకి, ఇంటి లోపల, దాన్ని ఆనించాను.