పన్నెండు చీటీలు

గురువారం మధ్యాహ్నం 1:40కి బస్సు డిపో విశ్రాంతి గదిలో పెద్ద డ్రైవరు తన ముందున్న చీటీలన్నీ బల్ల మధ్యకు తోశాడు. పన్నెండు. ఆయన పేకముక్కలు చూడాలంటే ఎదురుగా కూర్చున్న చిన్న డ్రైవరు కూడా తనకు మిగిలిన పన్నెండూ పెట్టాలి.

ఈ డిపోలో పోకరు డబ్బుతో ఆడరు. ప్రతి చీటీ మీద ఒక డ్రైవరు సంతకం ఉంటుంది. చీటీ ఎవరికి చేరితే వాళ్ల బదులు ఆ సంతకందారు ఒక రోజు బస్సు నడపాలి. బస్సు వేళకు కదిలితే మేనేజరు ఇంకేమీ అడగడు.

చిన్న డ్రైవరుకు ఇరవై ఒక్క రోజులు కావాలి. సోమవారం అతని కిడ్నీ ఒకటి తీసి అక్కకు పెడతారు. మూడు వారాలు స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. సెలవు అడిగితే కారణం చెప్పాలి. చెబితే ఒక్క కిడ్నీతో పనికిరాడని బస్సు మీంచి దించేస్తారు. అందుకే నాలుగు నెలలు ఆడి ఇరవై ఒకటి కూడబెట్టాడు. ఒకటి రెండు ఎక్కువుంటే మంచిదని ఆ రోజూ కూర్చున్నాడు. అందులో తొమ్మిది ఇప్పటికే బల్ల మధ్యకు పోయాయి.

బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరిచి ఉన్నాయి: రెండు తొమ్మిదులు, ఒక రాజు, ఒక నాలుగు, ఒక రెండు. చిన్న డ్రైవరు చేతిలో ఇంకో రెండు రాజులు. మిగతా రెండు తొమ్మిదులూ పెద్ద డ్రైవరు చేతిలోనే ఉంటే తప్ప అతను ఓడడు.

“ఏం తమ్ముడూ, గుడ్లు పొదుగుతున్నావా?” ముక్కలు పంచే బక్కోడు అన్నాడు. “రెండింటికి నా బండి.”

“ఆగరా.”

“ఆగడానికి ఇదేమన్నా స్టాపా?”

చిన్న డ్రైవరు ఎదురుగా చూశాడు. “సగం పెట్టి చూడనియ్ బాబాయ్.”

“ఆటలో బతిమాలుడేంట్రా? అన్నీ అంటే అన్నీ.”

“మూడు నెలల్లో రిటైరైపోతావు. నీకిన్ని ఎందుకు?”

“ఆ మూడు నెలలూ ఇంట్లో పడుకుందామని. నడుం పోయింది. కుర్రాడివి, నీకెందుకు?”

చిన్న డ్రైవరు తన చీటీలు మళ్లీ లెక్కపెట్టాడు.

పెద్ద డ్రైవరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చిన్న డ్రైవరు బస్సు నేర్చుకున్నది ఆయన పక్కనే. ముందున్న లారీని దాటే ముందు ఆయన కళ్లజోడు తుడుచుకునేవాడు. దారి ఖాళీగా ఉందని తేలితేనే తుడిచేవాడు.

గెలిస్తే మూడు వారాలూ దొరుకుతాయి. ఓడితే ఒక్క రోజూ ఉండదు, ఆపరేషనూ ఉండదు. ముక్కలు పడేస్తే పన్నెండు మిగులుతాయి.

1:46కి చిన్న డ్రైవరు రెండు రాజులనూ బోర్లా పడేశాడు.

“తొమ్మిదులేనా బాబాయ్?”

“టికెట్ కొనకుండా సినిమా చూపించమంటావేంట్రా?” పెద్ద డ్రైవరు తన ముక్కలను కట్టలో కలిపేశాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “ఎన్ని రోజులు దొరికాయిరా?”

“ఇరవై ఒకటి.”

“నిజం చెప్పు.”

“నిజమే అక్కా. నువ్వు పడుకో.”

సోమవారం ఉదయం 7:20కి ఇద్దర్నీ ఆపరేషన్ గదుల్లోకి తీసుకెళ్లారు. ఆ సోమవారంతో కలిపి పదమూడో రోజు, శనివారం, ఉదయం 5:10కి డ్యూటీ పుస్తకంలో పదకొండో నంబరు బస్సు ఎదురుగా చిన్న డ్రైవరు సంతకం ఉంది.