పొడుగుకాలి మోటారు

దయానందం డ్రెస్సరు అబద్ధాలాడే మనిషి కాదు. పుంగనూరు మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు పుండ్లు కడిగి కట్లు కట్టాడు. ఎంత చీము కనబడినా "ఏం లేదులే అప్పా, మానిపోతాండాది" అనడం తప్ప ఆయన అసత్యం పలికి ఎరగడు. ఆ ఒక్క మాటే నాలుక్కి అలవాటైపోయి చివరికి ఆయన కొంప ముంచింది.

సంగతేమంటే, పంతొమ్మిది వందల నలభై రెండులో ఆ ఆసుపత్రి దొరసాని హెలెన్ డాక్టరమ్మ అమెరికాకు వెళ్లిపోతూ, చెరువులో ఉన్న తన చిన్న పడవనూ, దాని వెనక తగిలించే మోటారునూ దయానందానికి అప్పగించింది. శనివారం శనివారం చేపలు పట్టడం ఆమెకు సరదా. పడవ నడిపేవాడు దయానందమే. ఈ దేశంలో ముప్పయ్యేళ్లకు పైగా ఉండి మన తెలుగే మాట్లాడే మనిషి కాబట్టి, వెళ్లేటప్పుడు చక్కగా చెప్పింది: "దయానందం, పడవ నీదే. పట్టిన చేపలు రోగులకు పులుసు పెట్టించు. పడవెట్లుండాదో నాకు జాబు రాస్తాండు."

ఆమె వెళ్లిన మొదటి శనివారమే దయానందం పడవెక్కి మోటారు తాడు లాగాడు. మోటారు గట్టు మీది మేకలన్నీ బెదిరి పారిపోయేటట్టు రంకె వేసింది. పడవ మాత్రం బెత్తెడు కదల్లేదు. మళ్లీ లాగాడు. మళ్లీ రంకె. మళ్లీ అక్కడే. వారం రోజులు ఇదే తంతు.

ఊళ్లో యంత్రాల మీద మాట చెప్పగలిగినవాడు ఈశ్వరప్ప ఒక్కడే. బావి మీద ఆయిలింజన్ పెట్టించిన మొదటి రైతు. పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, మోటారును ఎద్దును నిమిరినట్టు నిమిరి, తల అడ్డంగా తిప్పాడు.

"ముసిలిదైపోయిందప్పా ఇది. అరుపుండాది, సత్తువ లేదు. మా మామ మాదిరి."

దయానందం నమ్మేశాడు. నమ్మడమొక్కటే అయితే ఇంత కథ లేదు. ఆ నెల జాబు రాయాల్సి వచ్చింది. దొరసానులకు జాబు రాయడానికి మిషన్ మనుషులకు ఒక పద్ధతి ఉంది. "దేవుని కృపవల్ల ఇక్కడ అందరమూ క్షేమము" అని మొదలుపెట్టాలి, "మీ ప్రార్థనలవల్ల" అని ముగించాలి. మధ్యలో కష్టం రాయకూడదు. రాస్తే సముద్రాలవతల ఆమె బాధపడుతుంది, పైగా చెయ్యి చాపినట్టుంటుంది. అందుకని దయానందం "పడవ బహు చక్కగా నడుచుచున్నది" అని రాశాడు. మరుసటి నెల చేపలు పడ్డాయని రాశాడు. ఆపై నెల పులుసు తిని ఒక రోగి లేచి కూర్చున్నాడని రాశాడు. నాలుగేళ్లు గడిచేసరికి జాబుల్లో కొరమీను మూరెడు నుంచి బారెడైంది. పడవేమో గట్టున బోర్లా పడుకుని ఉంది. దాని కింద గట్టు పక్కింటి పాపక్క కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి.

యుద్ధం ముగిసింది. నలభై ఆరు మార్చిలో డాక్టరమ్మ జవాబు వచ్చింది. "మే నెలలో రెండు వారాలుండేదానికి వస్తాండాను. మొదటి శనివారం మన పడవలోనే. నీ బారెడు కొరమీనును నా కళ్లతో సూడాల."

దయానందం జాబు పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. ఎవరెదుట తలవంపులైనా ఓర్చుకుంటాడు కానీ ఆమె ఎదుట కాదు. పద్నాలుగేళ్ల కూలిపిల్లవాడిగా గంపతో ఇటుకలు మోస్తున్న తనను పిలిచి, చేతికి దూది ఇచ్చి, మనిషిని చేసింది ఆమె. ఆ మనిషి చేత "అబద్ధాలకోరు" అనిపించుకుంటే ఇంక బతికి ఏం లాభం?

భార్య రూతు వరండాలో చేట ముందు కూర్చుని ఆయన గోడంతా విన్నది. "ఏమయ్యా, వడ్రంగి పాపన్నకు చెప్తే రెండు తెడ్లు చెక్కి ఇస్తాడు. తెడ్లేసుకుని పోండి. అమ్మతో ఉన్న మాట చెప్పు. ఆమేమన్నా నిన్ను కొరుకుతుందా?"

"నీకు తెల్దులే. నాలుగేండ్లుగా మోటారు మీద తిరుగుతాండాను నేను!"

"యాడ తిరిగినావు? పాపక్క కోళ్ల మీదనా?"

దయానందం పాత మోటారుకు దుప్పటి చుట్టి, ఈశ్వరప్పను వెంటేసుకుని కుప్పం బస్సెక్కాడు. అక్కడ రైలుస్టేషను దగ్గర లక్ష్మయ్య అనే ఆసామి పట్టాళం వదిలేసిన సామాన్లు బెంగుళూరు నుంచి తెచ్చి అమ్ముతున్నాడు. ఇనుప టోపీలు, నీళ్ల సీసాలు, గుడారాలు, వాటి మధ్య మూడు పడవ మోటార్లు.

ఒకటి చిన్నది, పచ్చరంగు, బుద్ధిగా ఉంది. రెండోది పైమూత పగిలింది. మూడోది ఉంది చూడండి, రెక్కలు తగిలించిన కాలు ఎంత పొడుగంటే, గోడకానుకుని నిలబెడితే దయానందం భుజం దాకా వచ్చింది.

దయానందం పచ్చదాని దగ్గర కూర్చున్నాడు. తాడు లాగితే మెత్తగా, బాగా నిద్రపట్టిన బిడ్డలా గురకపెట్టింది. ఆయన మనసు దాని మీదే పడింది. ఈశ్వరప్ప చెయ్యి పట్టి లేపాడు.

"ఏందప్పా నువ్వు! నీళ్లు తోడే కపిలకు ఎద్దును కొనేటప్పుడు ఏం సూస్తాము? కాలు పొడుగుండాల, ఎద వెడల్పుండాల, రంకె గట్టిగుండాల. ఆ పచ్చది దూడ. పొడుగుకాలిది సూడు, ఎట్లుండాదో!"

"ఇది సముద్రంలో పెద్ద పడవలకు చేసిందయ్యా. మీ చెరువుకు..." అని లక్ష్మయ్య ఏదో చెప్పబోయాడు.

"సముద్రాన్నే ఈదింది మా చెరువును ఈదదా?" అన్నాడు ఈశ్వరప్ప. లక్ష్మయ్య ఇంక నోరెత్తలేదు. వద్దంటున్నా కొంటానంటే ఏ వ్యాపారి మాత్రం ఏం చేస్తాడు, పాపం!

పాతది ఇచ్చి ఇది తీసుకునే మారుబేరం. పాతదాన్ని నీళ్ల పీపాకు తగిలించి తాడు లాగారు. రంకె వేసింది. పీపాలో నీళ్లు మాత్రం ఊరికే వణికాయి. లక్ష్మయ్య ఒంగి, కింది రెక్కలను వేలితో ఒకసారి తిప్పి చూశాడు. లేచి మీసం దువ్వుకుని, "సరే, తీసుకుంటాను," అన్నాడు. ఒక్క మాట బేరమాడలేదు. దారి పొడుగునా దయానందం బస్సు కిటికీలోంచి వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. అరుపు విని మోసపోయాడు లక్ష్మయ్య, పిచ్చిమాలోకం! దేవా, క్షమించు, కానీ ఎంత మంచి బేరం!

మే నెల మొదటి శనివారం పొద్దున డాక్టరమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది, చేతిలో అదే నల్ల తోలుసంచి. గట్టు మీద సగం ఊరు ఉంది. చెరువులో మాత్రం సగం నీళ్లు కూడా లేవు. మే నెల కదా మరి. కోళ్లను వెళ్లగొట్టి, పడవ కడిగి, పొడుగుకాలిదాన్ని బిగించారు. రూతు ఎవరినీ అడగకుండా రెండు కొత్త తెడ్లు తెచ్చి పడవ అడుగున పడేసింది. దయానందం కళ్లెర్రజేశాడు. ఆమె చూడనే లేదు.

తాడు లాగాడు. అబ్బ, ఏమి రంకె! పడవ నిజంగానే ఉరికింది. దయానందం ఛాతీ ఉబ్బింది. ఒకటి, రెండు, మూడు బారలు. అక్కడ ఆ పొడుగుకాలు పోయి అడుగున ఒండ్రులో దిగబడింది. రెక్కలు నీళ్లను వదిలి బురదను చిలకడం మొదలుపెట్టాయి. నల్లటి బురద తాటిచెట్టెత్తున లేచి డాక్టరమ్మ తెల్లటి టోపీ మీదా, దయానందం ఇస్త్రీ చొక్కా మీదా సమానంగా పడింది. పడవ దిగబడిన కాలు చుట్టూ గానుగెద్దులా తిరగసాగింది.

అంతటితో అయిందా? ఎండాకాలం చెరువు తగ్గితే ఊరంతా దిగి బురద కలిపి చేపలు పట్టుకోవడం అక్కడ వాడుక. యాభైమంది పొద్దంతా కలపాల్సిన చెరువును మోటారు చిటికెలో కలిపేసింది. ఊపిరాడని కొరమీన్లు పైకి తేలాయి. "చేపలూ!" అని ఈశ్వరప్పే మొదట కేకేశాడు. గంపలు, తట్టలు, తలగుడ్డలు పట్టుకుని ఊరు ఊరంతా చెరువులోకి దూకింది. పడవలో ఉన్నవాళ్లకు ఒక్క పిల్ల చేప దక్కలేదు.

దయానందం మోటారు ఆపాడు. తల ఎత్తలేదు.

డాక్టరమ్మ కళ్ల మీది బురద తుడుచుకుంది. "దయానందం, ఇది నా మోటారు కాదు. నా పాతది యాడ?"

"కుప్పంలో మారుబేరం ఇచ్చేసినానమ్మా. ముసిలిదైపోయింది. అరిచేది, నడిచేది కాదు."

"ఎప్పటినుంచి?"

దయానందం మోటారు తాడు చేతికి చుట్టుకున్నాడు. "మీరు వెళ్లిపోయిన వారం నుంచి."

ఆమె సంచి తెరిచి చిన్న గుడ్డ కట్టు తీసింది. కట్టు కట్టిన తీరు చూస్తే దయానందానికి తెలిసింది, అది తనకు ఆమె నేర్పిన కట్టే. పైగుడ్డ విప్పితే అగ్గిపుల్లంత ఇత్తడి చీల. "రెక్కలను ఇరుసుకు పట్టించే చీల ఇది. ఇది లేకుంటే మోటారు తిరుగుతుంది, రెక్కలు తిరగవు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఊడదీసి సంచిలో వేసుకున్నాను, నీకిచ్చేది మరిచిపోతిని. ఓడలో గుర్తొచ్చింది. 'పడవ కదల్లేదమ్మా' అని నువ్వు రాస్తే మర్నాడే పోస్టు చేద్దామని సూస్తాండాను. నాలుగేండ్లు సూస్తిని. నువ్వేమో చేపలు పడినాయని రాస్తివి."

"అయితే మీకు..."

"మొదటి జాబుకే తెలుసు."

దయానందం రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడనుకోండి. అప్పుడామె కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా అంది: "ఆడ నేనొక్కదాన్నే కూర్చుని నీ జాబు కోసరం ఎదురుసూస్తిని. ఇన్నేండ్లలో నేను నీకు చేయగలిగే పని ఒక్కటైనా అడగలేదే నువ్వు? నేను నీకు అంత పరాయిదాన్నా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. యాభయ్యేళ్లకు దగ్గరపడిన దయానందం బురద మొహంతో పసివాడిలా ఏడ్చేశాడు. ఆమె ఒక తెడ్డు తీసుకుని, రెండోది ఆయన చేతిలో పెట్టింది. గట్టున నిలబడిన రూతు ఆ తెడ్లను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జూన్‌లో దయానందం జాబు రాశాడు. రాసి, పోస్టులో వేసే ముందు రూతుకు చదివి వినిపించాడు.

"డాక్టరమ్మగారికి, మీరు వెళ్లిన తర్వాత ఇక్కడ ఎవ్వరమూ క్షేమము కాదు. రూతుకు మోకాళ్ల నొప్పులు. వంటింటి కప్పు కారుచున్నది. పొడుగుకాలి మోటారును ఈశ్వరప్ప బావికి పెట్టబోయి బావిలో పడవేసినాడు. మన పాత మోటారుకు లక్ష్మయ్య చీల బదులు ఒక మేకుముక్క వేసి, దానిని ఎవరికో అమ్మివేసినాడు. నాకు మీరు లేక తోచుట లేదు. తెడ్లు మాత్రము బాగున్నవి."

"చివరిది అబద్ధం. ఒక తెడ్డు నిన్ననే ఇరిగింది," అంది రూతు.

దయానందం నాలుక కరుచుకుని, కలం తీసి, ఆ వాక్యం కొట్టేసి దిద్దాడు.